ఎన్ని పుల్ రిక్వెస్టులని అడగకండి: ఇంజినీరింగ్ కాలేజీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, కంప్యూటర్ సైన్స్ హెచ్‌ఓడీలకు, ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ అధికారులకు నమస్కారం.

మీ విద్యార్థులు ఓపెన్ సోర్స్‌లోకి (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, వాడుకోగల సాఫ్ట్‌వేర్ పనిలోకి) రావాలని మీరు కోరుకోవడం మాకు సంతోషమే. వాళ్లను పంపుతున్న తీరు గురించే ఈ లేఖ. ఈ సంగతి కొన్ని కాలేజీలకు విడిగా రాశాం, వర్క్‌షాపులకు పిలిచినప్పుడు ఎదురుగానే చెప్పాం. జవాబు రాలేదు. సెమిస్టర్లు మారుతున్నా పద్ధతి మారడం లేదు. అందుకే ఇప్పుడు బహిరంగంగా రాస్తున్నాం.

ఆ పద్ధతి ఇది. స్కిల్ కోర్సు ఇంటర్నల్స్‌కో, మినీ ప్రాజెక్టుకో, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లో కూర్చునే అర్హతకో ఇన్ని పుల్ రిక్వెస్టులు (ఒక ప్రాజెక్టులో మన మార్పును చేర్చుకోమని పంపే అభ్యర్థనలు) ఉండాలని లెక్క పెడుతున్నారు. కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్ పేరు కొత్తగా విన్న విద్యార్థి గడువు దగ్గర పడ్డాక పేరున్న ప్రాజెక్టు ఒకటి వెతుక్కుని, దాని రీడ్‌మీ (పరిచయ) ఫైల్లో తన పేరు చేర్చి పంపిస్తాడు. స్క్రీన్‌షాట్ తీసి రికార్డులో అతికిస్తాడు. మార్కులు పడిపోతాయి. అవతల ఆ ప్రాజెక్టును చూసుకునే మెయింటైనర్ దాన్ని తెరిచి, చదివి, మూయాలి. రిపోజిటరీని (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటును) గమనిస్తున్న ప్రతి ఒక్కరికీ దాని గురించి ఒక మెయిల్ వెళ్తుంది.

ఇలాంటిది ఎక్కడికి దారితీస్తుందో ఊహించనక్కర్లేదు. 2020లో ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ కార్యక్రమం అక్టోబరు నెలలో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకు టీషర్టు ఇస్తామంది. రీడ్‌మీలో ఒక విశేషణం చేర్చడం, ఒక ఖాళీ తీసేయడం లాంటి మార్పులు కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి. నెల మొదలైన కొద్ది రోజులకే నిర్వాహకులు నిబంధన మార్చి, పాల్గొంటామని ముందే ప్రకటించిన ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయని చెప్పాల్సి వచ్చింది. 2024 ఆరంభంలో వెబ్ సర్వర్లు రాయడానికి వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టుకూ ఇదే జరిగింది. పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో చూపించడానికి ఒక వీడియో పాఠం ఆ ప్రాజెక్టు రిపోజిటరీనే ఉదాహరణగా తీసుకుంది. చూసినవాళ్లు వందల సంఖ్యలో తమ పేర్లు అక్కడికే పంపారు. పాఠం చెప్పినవాళ్ల ఉద్దేశం చెడ్డదని మేము అనడం లేదు. సాధన చేసుకోవడానికి వేరే చోటు చూపించకపోవడం వల్లే అలా జరిగింది. మీ ల్యాబుల్లో జరుగుతున్నదీ అదే.

దీనివల్ల ఎవరికి ఏం నష్టమో చెప్తాం.

1. మొదటి దెబ్బ నిజంగా పని నేర్చుకుంటున్న విద్యార్థికే తగులుతుంది. ఇదివరకు కోడ్ ఇచ్చినవాళ్లు తప్ప మిగతావాళ్లెవరూ కొంతకాలం వ్యాఖ్యలు గానీ పుల్ రిక్వెస్టులు గానీ పెట్టకుండా ఆపే సదుపాయం, ఇలాంటి ప్రాజెక్టులను ఉంచే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో ఉంది. వరద వచ్చినప్పుడు మెయింటైనర్లు దాన్ని వాడక తప్పదు. అదే వారంలో ఒక బగ్‌కు అసలు కారణం పట్టుకుని, పరీక్షతో సహా ప్యాచ్ (కోడ్ సవరణ) సిద్ధం చేసుకున్న నరసరావుపేట అమ్మాయి ఉందనుకోండి. ఆమె చేయని తప్పుకు ఆమె ముందే తలుపు మూసుకుంటుంది.

2. కాలేజీ పేరు మొత్తానికి మచ్చ పడుతుంది. 2021 ఏప్రిల్‌లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ప్యాచ్‌లు ఇక తీసుకోబోమని లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) మెయింటైనర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ప్రకటించారు. అక్కడి పరిశోధకులు కొందరు ప్రయోగం పేరుతో తెలిసి తెలిసీ లోపాలున్న ప్యాచ్‌లు పంపడమే అందుకు మూలం. ఆ తర్వాత ఆ విశ్వవిద్యాలయం నుంచి అంతకుముందు వచ్చిన 435 కమిట్లను (నమోదైన మార్పులను) మళ్లీ మొదటినుంచి పరిశీలించారు. వాటిలో చాలావరకు సక్రమమైనవేనని తేలింది. కానీ ఆ తేల్చే శ్రమంతా వాలంటీర్ల మీద పడింది. ఏ పాపం తెలియని విద్యార్థులు కూడా ఆ నిషేధంలో చిక్కుకున్నారు. మీ కాలేజీ మెయిల్ చిరునామాతో ఒకే వారంలో ఒకే ప్రాజెక్టుకు అరవై రీడ్‌మీ మార్పులు వెళ్తే, చూసేవాళ్లకు గుర్తుండేది విద్యార్థి పేరు కాదు, చిరునామాలో చివరనున్న మీ కాలేజీ పేరు.

3. కొత్తవాళ్ల మీద అనుమానం పెరుగుతుంది. 2024 మార్చిలో ఎక్స్‌జడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో రహస్యంగా చొరబడే దొంగదారి బయటపడింది. దాన్ని పెట్టిన వ్యక్తి రెండేళ్లకు పైగా మంచి కంట్రిబ్యూటర్‌గా నమ్మకం సంపాదించాడు. అదే సమయంలో మరికొన్ని ఖాతాలు, పనులు ఆలస్యమవుతున్నాయంటూ ఒంటరిగా ఉన్న అసలు మెయింటైనర్‌ను పదేపదే ఒత్తిడి చేశాయి. అప్పటినుంచి తొందరపెట్టే అపరిచితుణ్ని మెయింటైనర్లు జాగ్రత్తగా చూస్తున్నారు. "సర్, రేపు సబ్మిషన్, ప్లీజ్ మెర్జ్ చేయండి" అని, అంటే మార్పును కలుపుకోండని, మీ విద్యార్థి రాసే మాట వాళ్లకు ఎలా వినిపిస్తుందో ఆలోచించండి.

4. విద్యార్థి వివరాలు శాశ్వతంగా బయటపడతాయి. రీడ్‌మీలో పేరుతో పాటు హాల్‌టికెట్ నంబరు, ఫోన్ నంబరు రాసి పంపినవాళ్లున్నారు. పుల్ రిక్వెస్టును మూయగలరు తప్ప, పంపినవాళ్లు తమంతట తాము తొలగించలేరు. అది వెబ్‌లో ఉండిపోతుంది. రేపు ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేదీ దాన్నే.

5. మెయింటైనర్ల సమయం వృథా అవుతుంది. వాళ్లలో చాలామంది ఉద్యోగం చేసుకుని, మిగిలిన సాయంత్రాల్లో ఈ పని చేసేవాళ్లే. పేర్లు చేర్చిన పుల్ రిక్వెస్టులు మూయడానికి పోయిన సాయంత్రం ఒక భద్రతా లోపానికి అందాల్సింది. ఆ సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి బ్యాంకుల యాప్‌లు, ఆస్పత్రుల కంప్యూటర్లు, మీ సొంత కాలేజీ సర్వర్లు.

మొదటి మార్పు ఎలా తయారవుతుందో తెలియకపోవడం వల్లే లెక్కలు పెడుతున్నారని మా అభిప్రాయం. అందుకే దాన్ని కాస్త వివరంగా చెప్తాం. దీన్ని ల్యాబ్ మాన్యువల్‌లో పెట్టుకోవచ్చు.

ముందు యంత్రానికి తగ్గ ప్రాజెక్టును ఎంచుకోవాలి. క్రోమ్ బ్రౌజర్‌కు మూలమైన క్రోమియంను బిల్డ్ చేయడానికి (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాము తయారు చేయడానికి) కనీసం 8 జీబీ ర్యామ్ కావాలని, 16 జీబీకి మించి ఉంటే మంచిదని, డిస్క్‌లో 100 జీబీ ఖాళీ ఉండాలని ఆ ప్రాజెక్టు పత్రాలే చెప్తాయి. హాస్టల్లో 8 జీబీ ల్యాప్‌టాప్‌తో ఉన్న పిల్లకు దాన్ని అప్పగిస్తే రెండు వారాలు బిల్డ్ ఎర్రర్లతోనే గడిచిపోతాయి. కర్ల్ (నెట్ మీద డేటా తెచ్చే, పంపే ప్రోగ్రాము), గిట్ లాంటివి అదే ల్యాప్‌టాప్‌లో నిమిషాల్లో బిల్డ్ అవుతాయి. ప్రాజెక్టు బతికుందో లేదో కూడా చూడాలి. గత నెలలో కమిట్లు ఉన్నాయా, బయటివాళ్ల పుల్ రిక్వెస్టులకు ఎవరైనా జవాబిస్తున్నారా, లైసెన్స్ ఫైల్ ఉందా. ఈ మూడూ చూడటానికి పది నిమిషాలు చాలు.

తర్వాత మార్పులు ఎలా పంపాలో చెప్పే కంట్రిబ్యూటింగ్ ఫైల్ చదవాలి. దాదాపు అందరూ దాటేసేది దీన్నే. కానీ ఒక్కో ప్రాజెక్టుది ఒక్కో దారి కాబట్టి అది చదవక తప్పదు. లినక్స్ కెర్నల్‌కు గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పంపితే ఎవరూ చూడరు. అక్కడ ప్యాచ్‌ను మామూలు టెక్స్ట్ మెయిల్‌గా పంపాలి. హెచ్‌టీఎంఎల్ మెయిల్ అయితే మెయిలింగ్ లిస్టు సర్వరే తిప్పికొడుతుంది. పంపేముందు శైలి తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడపాలి, ఎవరికి పంపాలో గెట్-మెయింటైనర్ స్క్రిప్టుతో తెలుసుకోవాలి, చివర సైన్డ్-ఆఫ్-బై వరుస పెట్టాలి. జవాబు రాకపోతే కనీసం వారం ఆగి గుర్తుచేయాలని ఆ ప్రాజెక్టు పత్రాల్లోనే రాసి ఉంది. పైథాన్ భాషను నడిపే సీపైథాన్‌కైతే కంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం చేయాలి, పుల్ రిక్వెస్ట్ శీర్షికలో ఇష్యూ (నమోదైన సమస్య) నంబరు ఉండాలి. ఇవేవీ లాంఛనాలు కావు. సైన్డ్-ఆఫ్-బై వరుస రాయడమంటే ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని చట్టపరంగా హామీ ఇవ్వడం. ఎస్‌సీఓ కంపెనీ లినక్స్ కోడ్ హక్కుల మీద కోర్టుకెక్కిన తర్వాత, 2004లో ఆ ఏర్పాటు వచ్చింది. విద్యార్థులకు ఈ నేపథ్యం చెప్పకుండా ఆ వరుస కాపీ చేయించడం మంచిది కాదు.

ఆ తర్వాత సోర్స్ తెచ్చుకుని, ఏమీ మార్చకుండా బిల్డ్ చేసి, ఉన్న పరీక్షలన్నీ నడపాలి. మార్పుకు ముందే ఫెయిలవుతున్న పరీక్షలేవో రాసి పెట్టుకోకపోతే, తర్వాత తప్పు ఎవరిదో తేలదు.

అప్పుడు బగ్. "గుడ్ ఫస్ట్ ఇష్యూ" అని గుర్తున్న ఇష్యూ కింద "ప్లీజ్ అసైన్ మీ" అని ఇరవైమంది రాసి ఉంటారు, ఒక్కరి ప్యాచ్ కూడా ఉండదు. చాలా ప్రాజెక్టులు అసలు ఎవరికీ అసైన్ చేయవు. అక్కడ రాయాల్సింది వేరు: "ఈ బగ్‌ను ఫలానా వెర్షన్‌లో, ఫలానా ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ అడుగులతో తిరిగి చూడగలిగాను, ఇలా రావాల్సింది ఇలా వచ్చింది." బగ్ పాత వెర్షన్‌లో లేకుండా కొత్తదానిలో ఉంటే, తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్ నడపాలి. వెయ్యి కమిట్ల మధ్య దాగిన తప్పు సుమారు పది పరీక్షల్లో దొరుకుతుంది. కోడ్ ఒక్క వరుస కూడా రాయకుండా విద్యార్థి ఇచ్చే ఈ సమాచారం మెయింటైనర్‌కు సగం పని తగ్గిస్తుంది. మేము అన్నిటికంటే విలువ ఇచ్చేది దీనికే. మార్కుల పద్ధతిలో మాత్రం దీనికి సున్నా.

ప్యాచ్ దశలో దొర్లే తప్పులు చాలావరకు తెలిసినవే. విడిగా బ్రాంచ్ (కోడ్ శాఖ) తీయకుండా మెయిన్ బ్రాంచ్ మీదే పని చేస్తారు, దాంతో రెండో మార్పు మొదటిదానిలో కలిసిపోతుంది. ఎడిటర్ ఫైల్ మొత్తాన్ని మళ్లీ ఫార్మాట్ చేసేస్తుంది, మూడు వరుసల మార్పు తొమ్మిది వందల వరుసలుగా కనిపిస్తుంది. కమిట్ సందేశంలో "అప్‌డేటెడ్ ఫైల్" అని మాత్రమే ఉంటుంది. ఏం మార్చారో తేడాలోనే కనిపిస్తుంది కాబట్టి, సందేశం ఎందుకు మార్చారో చెప్పాలి. రివ్యూ వచ్చాక పాతది మూసేసి కొత్త పుల్ రిక్వెస్ట్ తెరుస్తారు, సంభాషణ అంతా తెగిపోతుంది. ఆ బ్రాంచ్‌కే సవరణ పుష్ చేస్తే (పంపితే) సరిపోతుంది. ఇంకొకటి: మొదటిసారి పంపినవాళ్ల పుల్ రిక్వెస్టుకు గిట్‌హబ్ యాక్షన్స్ అనే ఆటోమేటిక్ పరీక్షలు మెయింటైనర్ అనుమతించేదాకా సాధారణంగా నడవవు. తన మార్పు చెడిపోయిందేమోనని విద్యార్థి కంగారుపడి మళ్లీ మళ్లీ పుష్ చేస్తాడు. ఆ సంగతి ముందే చెప్పండి.

తెలుగు పిల్లలకు మాత్రమే కుదిరే పని మరొకటుంది. చాలా సాఫ్ట్‌వేర్‌లలో తెలుగు సరిగా పనిచేయదు, ఆ లోపాన్ని తెలుగు చదవగలిగినవాళ్లే పట్టుకోగలరు. "సాఫ్ట్‌వేర్" అనే మాటను మధ్యలో కంటికి కనిపించని జోడింపు నిరోధక అక్షరంతో ఒకసారి, అది లేకుండా ఒకసారి టైపు చేసి వెతికి చూడమనండి. ఒకదానికి ఇంకోటి దొరకని ప్రోగ్రాములు ఎన్నో ఉంటాయి. పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే వత్తులు చెదిరిపోవడం, బ్యాక్‌స్పేస్ నొక్కితే ఏది చెరగాలో ఒక్కో చోట ఒక్కోలా ఉండటం, జాబితా అకారాది క్రమంలో రాకపోవడం, ఇవన్నీ నమోదు చేయదగ్గ బగ్‌లే. ఫైర్‌ఫాక్స్ తెలుగు పాఠ్యం పాంటూన్‌లో, లిబ్రెఆఫీస్‌ది వెబ్‌లేట్‌లో, వికీపీడియా సాఫ్ట్‌వేర్‌ది ట్రాన్స్‌లేట్‌వికీలో అనువదిస్తారు. అక్కడికి కూడా మెషిన్ అనువాదాలను టోకున పంపించకండి. శాతం గుర్తుతోనో మీసాల బ్రాకెట్లతోనో ఉండే, విలువ వచ్చి చేరే చోటుగుర్తు ఒక్కటి పోయినా మెనూలో అంకె కనిపించదు, కొన్నిసార్లు ప్రోగ్రామే ఆగిపోతుంది. ఏకవచనం, బహువచనం రెండూ నింపాలి. ఒక విద్యార్థి ఒక డైలాగ్ బాక్సు తీసుకుని, దాన్ని తెరపై తెరిచి చూసుకుంటూ ముప్పై వాక్యాలు అనువదించడం మూడు వేల వాక్యాలు దింపడం కన్నా మేలు.

ఏఐ సంగతి కూడా చెప్పాలి. లినక్స్‌లో ఒక రకమైన జెంటూ 2024 ఏప్రిల్‌లో ఏఐ రాసిన కోడ్‌ను నిషేధించింది. తర్వాతి నెలలో నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు ముందస్తు అనుమతి లేకుండా తీసుకోకూడదని నిర్ణయించింది. అన్ని ప్రాజెక్టులూ అలా లేవు, కొన్ని వాడినట్టు చెప్తే చాలంటాయి. ఎక్కడైనా ఒకటి మాత్రం తప్పదు. పంపిన ప్రతి వరుస ఎందుకుందో విద్యార్థి సొంతంగా వివరించగలగాలి. రివ్యూ ప్రశ్నలకు చాట్‌బాట్ జవాబు అతికించేవాళ్లను మెయింటైనర్లు రెండో ప్రశ్నకే గుర్తుపడతారు.

కాబట్టి మిమ్మల్ని గట్టిగా కోరేవి ఇవి.

1. పుల్ రిక్వెస్టుల సంఖ్య మీద, గిట్‌హబ్ ప్రొఫైల్లోని పచ్చ గళ్ల (రోజువారీ పని గుర్తుల) మీద మార్కులు, అర్హతలు ఇవ్వడం ఈ సెమిస్టరు నుంచే ఆపండి. కొత్తవాళ్లను ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులతో కలిపే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు వచ్చే అభ్యర్థులను గిట్ ప్రాజెక్టు అడిగేది ఒకే ఒక్క చిన్న మార్పు, నాణ్యంగా చేసినది. ఇన్ని కోట్లమంది వాడే ప్రాజెక్టుకు ఒకటి చాలినప్పుడు మీ ఇంటర్నల్స్‌కూ ఒకటి చాలు.

2. మార్కులను పని అంచెల మీద పంచండి. వందకు మా సూచన: ప్రాజెక్టు ఎంపిక, బిల్డ్ నోట్స్‌కు 25, బగ్‌ను తిరిగి చూపి రాసిన నివేదికకు 30, ప్యాచ్‌కూ కమిట్ సందేశానికీ 20, రివ్యూకు స్పందించిన తీరుకు 15, వైవాకు 10. మెర్జ్ అయిందా లేదా అన్నదానికి మార్కులు పెట్టవద్దు. అది మెయింటైనర్ తీరికను బట్టి, విడుదల తేదీలను బట్టి జరుగుతుంది. విద్యార్థి చేతిలో లేదు.

3. గిట్ సాధనకు కాలేజీలోనే చోటు ఏర్పాటు చేయండి. ల్యాబ్‌లో పక్కన పెట్టిన ఒక పాత కంప్యూటర్‌లో గిట్‌హబ్ లాంటి సర్వర్ సాఫ్ట్‌వేర్ ఫోర్జియో గానీ గిటీ గానీ పెడితే సరిపోతుంది, రెండూ ఉచితమే. ఫోర్క్, బ్రాంచ్, పుల్ రిక్వెస్ట్, కాన్‌ఫ్లిక్ట్ తీర్చడం, రీబేస్ అన్నీ అక్కడే నేర్పండి. విద్యార్థి మొదటి పుల్ రిక్వెస్ట్ బయటి ప్రాజెక్టుకు వెళ్లకూడదు.

4. బయటికి వెళ్లేముందు ఒక అధ్యాపకుడో, అనుభవమున్న సీనియరో ప్రతి ప్యాచ్ చూడాలి. ఒక ప్రాజెక్టుకు ఒకేసారి ఇద్దరు ముగ్గురికి మించి పంపవద్దు. తరగతి మొత్తాన్ని ఒకే చోటికి పంపాలనుకుంటే, ముందు ఆ ప్రాజెక్టు వాళ్లను అడగండి. వద్దంటే ఆగిపోండి.

5. ల్యాబ్ నెట్‌వర్క్ సరిచేయండి. చాలా క్యాంపస్‌లలో 22వ పోర్టు మూసి ఉంటుంది, గిట్‌హబ్‌కు సురక్షితంగా కనెక్ట్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ పనిచేయదు. గిట్‌హబ్ 443వ పోర్టు మీద కూడా ఎస్‌ఎస్‌హెచ్ ఇస్తుంది, దాన్నైనా సెట్ చేయండి. 2021 ఆగస్టు నుంచి గిట్‌హబ్‌కు పాస్‌వర్డ్‌తో పుష్ చేయడం కుదరదు కాబట్టి టోకెన్ గానీ కీ గానీ వాడాలి. ఉమ్మడి కంప్యూటర్లో టోకెన్ సేవ్ చేసి వదిలేస్తే తర్వాత కూర్చున్నవాళ్లు ఆ పేరుతో ఏమైనా పంపగలరు. పెద్ద రిపోజిటరీలకు ల్యాబ్ సర్వర్లో ఒక మిర్రర్ (నకలు) ఉంచితే అరవైమంది ఒకేసారి అవే జీబీలు డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు. ఇంటి దగ్గర మొబైల్ డేటాతో పనిచేసేవాళ్లకు, పాత చరిత్ర లేకుండా తాజా కోడ్ మాత్రమే తెచ్చుకునే షాలో క్లోన్ నేర్పండి.

6. కమిట్లలో విద్యార్థి సొంత మెయిల్ గానీ, గిట్‌హబ్ ఇచ్చే నో-రిప్లై చిరునామా గానీ వాడనివ్వండి. కాలేజీ మెయిల్ చదువు అయ్యాక ఆగిపోతుంది, కమిట్‌లో చిరునామా మాత్రం మారదు. హాల్‌టికెట్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఎక్కడా రాయించవద్దు.

7. ఓపెన్ సోర్స్ సర్టిఫికెట్ల కోసం బయటి శిక్షణ సంస్థలకు పిల్లల చేత ఫీజులు కట్టించవద్దు. ఈ పనికి ఎంట్రీ ఫీజు లేదు. సోర్స్, పత్రాలు, రివ్యూ అన్నీ ఉచితం.

8. ఇప్పటికే మీ విద్యార్థులు పంపిన పేరు చేర్పు పుల్ రిక్వెస్టులను వాళ్ల చేతే మూయించండి. "ఇది సాధన కోసం పంపినది, క్షమించండి" అని ఒక వాక్యం రాస్తే చాలు. మెయింటైనర్లు అంతకుమించి అడగరు.

వీటిలో 1, 3, 8 అంశాలకు డబ్బు గానీ యూనివర్సిటీ అనుమతి గానీ అక్కర్లేదు, హెచ్‌ఓడీ సర్క్యులర్ చాలు. మార్కుల విభజన మార్చడానికి బోర్డ్ ఆఫ్ స్టడీస్ దాకా వెళ్లాలంటే దాని తర్వాతి సమావేశం అజెండాలో పెట్టండి, ముసాయిదా రాసిపెడతాం. ల్యాబ్ సర్వర్ పెట్టడానికి, మొదటి బ్యాచ్ ప్యాచ్‌లు చూడటానికి వారాంతాల్లో వస్తాం, పారితోషికం అక్కర్లేదు. ఏ అంశం ఎప్పటినుంచి అమలు చేస్తారో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో వచ్చే సెమిస్టరు తరగతులు మొదలయ్యేలోపు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కొత్తవాళ్ల ప్యాచ్‌లు చూసే కొందరు తెలుగువాళ్లం